పెంటా టీకా తరువాత మూడు గంటల ఏడుపు: రెండో మోతాదు వేయించాలా, వద్దా?

తూర్పుగట్టు
మా పాపకు గత బుధవారం ఒకటిన్నర నెల టీకాలు వేయించాము. రెండు తొడలకూ, కుడి భుజానికీ సూదులు వేసి, నోట్లో రెండు రకాల చుక్కలు వేశారు. సాయంత్రం ఐదింటికి మొదలైన ఏడుపు ఎనిమిది దాటాక గాని ఆగలేదు. పాలు పట్టినా, భుజాన వేసుకుని తిప్పినా, ఉయ్యాల ఊపినా ఊరుకోలేదు. అది ఆకలి ఏడుపు కాదని తల్లికి తెలుస్తుంది కదా, గొంతు పగిలేలా ఏడ్చింది. రాత్రికి జ్వరం 102 డిగ్రీలకు వెళ్లింది. మూడో రోజుకు అన్నీ సర్దుకున్నాయి గాని, ఎడమ తొడ మీద రేగుపండంత గట్టి గడ్డ ఇప్పటికీ ఉంది. టీకా వేసిన చోట ఎవరూ ఏమీ చెప్పలేదు. కార్డు మీద తేదీ రాసి, తరువాతి వారిని పిలిచారు. "ఒక్కసారికే ఇంత అయితే మూడుసార్లు ఎలా తట్టుకుంటుంది, ఇక వద్దు" అని మా అత్తగారు అంటున్నారు. ప్రైవేటులో నొప్పి లేని టీకా వేయించమని మా ఆడపడుచు సలహా. రెండున్నర నెలల టీకాకు ఇంకా మూడు వారాలు ఉంది. మీ పిల్లలకు ఎవరికైనా ఇలా జరిగిందా? జరిగితే రెండోసారి ఏం చేశారు?

మెతుకుసీమ
మా పెద్దవాడికి మొదటిసారి అచ్చంగా ఇలాగే అయింది. రెండోసారి ఏమీ కాలేదు, మూడోసారి ఒక రాత్రి జ్వరం వచ్చింది. గడ్డ నెలన్నర ఉండి తనంతట తానే కరిగిపోయింది. మా అమ్మ దాని మీద ఉప్పు మూటతో కాపడం పెడతానంటే నేను అడ్డుపడ్డాను. ఆ వారం మా ఇంట్లో గడ్డ కంటే ఆ తగాదాయే పెద్దదైంది.

నిజం_చెప్పండి
నలభై రోజుల పసిగుడ్డుకు ఒకే పూట మూడు సూదులు, రెండు రకాల చుక్కలు వేయడమెందుకో ఎవరైనా వివరిస్తారా? "ఏమీ కాదు, మామూలే" అనే సమాధానం నాకు వద్దు. అది వినీ వినీ విసుగు పుట్టింది. ఏమీ కాకపోతే ఆ పిల్ల మూడు గంటలు ఎందుకు ఏడ్చింది?

పాత_సూది
నేను ఉత్తరాంధ్ర మన్యంలో 31 ఏళ్లు ఏఎన్ఎంగా చేసి పదవీ విరమణ పొందాను. అడిగినది మంచి ప్రశ్న గనుక కొంచెం వివరంగానే రాస్తాను.

ఎడమ తొడకు వేసింది పెంటావాలెంట్. కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ (మెదడు పొరల వాపు, న్యుమోనియా తెచ్చే క్రిమి) అనే ఐదింటికి కలిపి ఒకే సూది అది. కుడి తొడకు న్యుమోనియా టీకా, కుడి భుజానికి చర్మంలోనే వేసే పోలియో సూది. చుక్కల్లో ఒకటి పోలియోకు, రెండోది రోటావైరస్ విరేచనాలకు. ఆ ఐదింటికీ విడివిడిగా సూదులు వేయవలసి వస్తే పాప ఒంటి మీద చోటు చాలదు. ఆరు వారాల వయసులోనే ఎందుకంటే, కోరింత దగ్గు ప్రాణం తీసేది ఎక్కువగా ఆరు నెలల లోపు పిల్లలనే. ఆ వయసు బిడ్డకు దగ్గే ఓపిక కూడా ఉండదు, ఊపిరి ఆగి నీలంగా మారిపోతుంది. నా ఉద్యోగం తొలి రోజుల్లో అలాంటి బిడ్డను ఒడిలో పెట్టుకుని జీపులో ఆసుపత్రికి తీసుకువెళ్లాను. ఆ కథ ఇక్కడ వద్దు.

జ్వరం, ఏడుపు, వాపు చాలా వరకు ఆ కోరింత దగ్గు భాగం వల్లనే వస్తాయి. క్రిమిని చంపి, పూర్తి క్రిమినే అందులో వాడతారు కనుక శరీరం గట్టిగా స్పందిస్తుంది. ఈ సూది వేసిన పిల్లల్లో సుమారు సగం మందికి ఒకటి రెండు రోజులు జ్వరమో, తొడ నొప్పో ఉంటుంది. మందు మరింత గట్టిగా పని చేయడానికి అందులో కలిపే అల్యూమినియం లవణం వల్ల గడ్డ కడుతుంది. కొన్ని వారాలు ఉండి పోతుంది. రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు, పసుపు అద్దకూడదు. ఎర్రబడి, వేడెక్కి, రోజురోజుకూ పెరుగుతుంటే మాత్రం అది వేరే సంగతి, వెంటనే చూపించాలి.

మూడు గంటలు దాటిన ఏడుపును కూడా మేము రిజిస్టరులో రాసుకోవాలి. రెండో మోతాదు మానడానికి మాత్రం అది కారణం కాదు. మానవలసిన కారణాలు వేరే ఉన్నాయి: వేసిన కొద్ది నిమిషాల్లోనో గంటల్లోనో ఒళ్లంతా దద్దుర్లు లేచి, ముఖం వాచి, ఊపిరి అందకపోవడం, వేసిన ఏడు రోజుల లోపల స్పృహ తప్పి తేరుకోకపోవడం, విడవకుండా ఫిట్స్ రావడం. మొదటిది పది లక్షల మోతాదులకు ఒకటి చొప్పున జరిగే విషయం. వేసిన తరువాత అరగంట కూర్చోమనేది దాని కోసమే.

ఇంకొక మాట. రెండున్నర నెలలకు పాపకు ఉండేది ఒక్క పెంటా సూది మాత్రమే, మిగిలినవి చుక్కలు. ఈ సంగతి మీ అత్తగారికి చెప్పండి, సగం భయం అక్కడే పోతుంది.

తూర్పుగట్టు
ఒక్క సూదేనని మాకు ఎవరూ చెప్పలేదు. అరగంట కూర్చోమని కూడా చెప్పలేదు, మేమే ఎండ తగ్గేదాకా వేప చెట్టు కింద ఆగాము.

పాత_సూది
అది వారి తప్పే. టీకా వేసిన ప్రతి తల్లికీ నాలుగు మాటలు చెప్పాలని మాకు నేర్పారు: ఏ టీకా దేని కోసం వేశాము; ఏ ఇబ్బందులు రావచ్చు, వస్తే ఏం చేయాలి; మళ్లీ ఎప్పుడు రావాలి; కార్డు జాగ్రత్తగా దాచి వచ్చేటప్పుడు తేవాలి. బుధవారం అరవై మంది వరుసలో నిలబడితే మొదట ఎగిరిపోయేది రెండో మాటే. నేనూ ఆ తప్పు చేసినదాన్నే, ఒప్పుకుంటాను.

డల్లాస్_గోంగూర
ఆడపడుచు గారు చెప్పిన నొప్పి లేని టీకా గురించి ఒక మాట. మా ఇద్దరు పిల్లలకూ ఇక్కడ అదే వేశారు, ఎందుకంటే అమెరికాలో 1990ల చివరి నుంచి పిల్లలకు వేసేది అదొక్కటే. అందులో పూర్తి క్రిమి ఉండదు, దానిలోని కొన్ని ప్రోటీన్లు మాత్రమే ఉంటాయి. జ్వరం, వాపు నిజంగానే తక్కువ. కాని దాని రక్షణ తొందరగా తగ్గిపోతుందని ఇక్కడ అనుభవం మీద తెలుసుకున్నారు. 2010లో కాలిఫోర్నియాలో కోరింత దగ్గు పెద్ద ఎత్తున వచ్చినప్పుడు, టీకాలన్నీ సరిగా వేయించుకున్న ఎనిమిది, తొమ్మిది, పదేళ్ల పిల్లలకు కూడా సోకింది. అందుకే అక్కడ సర్కారులో ఉచితంగా దొరికేది పాతకాలపు నాసిరకం, ప్రైవేటులో డబ్బులిచ్చి కొనేది మేలైనది అనుకోవద్దు. ఆ సౌకర్యానికీ ఒక ధర ఉంది, బిల్లులో కనిపించేది కాక.

చంటిబాబు_నాన్న
మేము నొప్పి లేని టీకాయే వేయించాము, ఒక సందర్శనకు వేలల్లో అయింది. మావాడు అప్పుడూ ఏడ్చాడు. బిల్లు చూసి నేనూ ఏడ్చాను. ఆ గదిలో నొప్పి లేనిది డాక్టరు గారికి ఒక్కరికే.

వార్డు_రాత్రి
నేను హైదరాబాద్‌లో పిల్లల వార్డులో స్టాఫ్ నర్సును. మన దేశంలో పిల్లల వైద్యుల సంఘం కూడా మొదటి మూడు మోతాదులకు పూర్తి క్రిమి ఉన్న టీకానే మేలని 2013లో చెప్పింది. ముందు మోతాదుకు తీవ్రమైన ఇబ్బంది వచ్చిన పిల్లల విషయంలో ఆ నొప్పి లేని టీకా గురించి ఆలోచిస్తారు. తూర్పుగట్టు గారు తమ పాప సంగతి పిల్లల డాక్టరుకు ఒకసారి చెప్పి నిర్ణయించుకోవడం మంచిది. ఏడుపు ఎన్ని గంటలు, జ్వరం ఎంత, ఏ సమయానికి మొదలైంది అన్నవి కాగితం మీద రాసుకుని వెళ్లండి. "బాగా ఏడ్చింది" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు.

కంఠసర్పి పాత రోగమని ఎవరైనా అనుకుంటే, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఆ పిల్లలు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు.

నిజం_చెప్పండి
పాత_సూది గారు సూటిగా చెప్పారు, కృతజ్ఞతలు. కాని నా అనుమానం పూర్తిగా తీరలేదు. మా మరదలి కొడుకు ఏడాదిన్నర వరకు "అత్త, తాత" అంటూ చక్కగా పలికేవాడు. ఏడాదిన్నరకు టీకాలు వేయించారు. తరువాతి నెలల్లో మాటలు ఆగిపోయాయి, పిలిస్తే తిరిగి చూడడం మానేశాడు. డాక్టర్లు ఆటిజం అన్నారు. టీకాకూ దానికీ సంబంధం లేదని అందరూ ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఆ తల్లి కళ్లతో చూసిన దానికి మీరిచ్చే జవాబు ఏమిటి?

లెక్కల_మాష్టారు
ఆ తల్లి చూసినది అబద్ధమని నేను అనను. ఆమె చూసిన వరుస నిజమే: ముందు టీకా, తరువాత మాటలు ఆగడం. కాని ఆటిజం లక్షణాలు ఇంట్లో వారి కంటపడేది ఎక్కువగా ఏడాది, రెండేళ్ల మధ్యనే, అప్పటిదాకా వచ్చిన మాటలు పోవడం కూడా కొందరిలో ఆ వయసులోనే జరుగుతుంది. మన టీకాల పట్టికలో 16 నుంచి 24 నెలల మధ్య తట్టు-రుబెల్లా రెండో మోతాదు, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం) బూస్టరు ఉన్నాయి. రెండూ ఒకే కాలంలో వస్తాయి కనుక ఒకదాని వెనుక ఒకటి కనిపించే ఇళ్లు వేలల్లో ఉంటాయి. టీకా వేయించని పిల్లల్లో కూడా ఆటిజం అదే లెక్కలో ఉంటుందా, లేదా అన్నదే అసలు పరీక్ష. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల వివరాలతో ఆ లెక్క తీసి 2019లో ప్రచురించారు. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) వేసిన వారికీ వేయని వారికీ తేడా లేదు. అసలు ఈ అనుమానాన్ని లేపిన 1998 నాటి వేక్‌ఫీల్డ్ అనే బ్రిటన్ డాక్టరు వ్యాసంలో ఉన్నది పన్నెండు మంది పిల్లలు. ఆ వ్యాసాన్ని లాన్సెట్ వైద్య పత్రిక 2010లో ఉపసంహరించుకుంది, అదే ఏడాది బ్రిటన్‌లో ఆయన పేరును వైద్యుల జాబితా నుంచి తొలగించారు.

మీరు ఒక్క వాక్యం వద్దన్నారు గనుక ఇన్ని వాక్యాలు రాశాను. మా విద్యార్థులు దీనికే నన్ను తిట్టుకునేవారు.

నిజం_చెప్పండి
పన్నెండు మందే అని నాకు తెలియదు. సరే, ఆటిజం విషయంలో ప్రస్తుతానికి ఆగుతాను. ఇంకొకటి అడుగుతాను. అమెరికాలో టీకా వల్ల నిజంగా హాని జరిగితే పరిహారం ఇచ్చే చట్టం ఉందని విన్నాను. మన దగ్గర అలాంటిది ఏముంది?

డల్లాస్_గోంగూర
ఉంది. 1986లో చేశారు. ప్రతి మోతాదు మీద, అది ఎన్ని రోగాలకు పనిచేస్తే ఒక్కొక్క దానికి 75 సెంట్ల చొప్పున పన్ను వేసి, ఆ నిధి నుంచి ఇస్తారు. తప్పు ఎవరిదో నిరూపించవలసిన పని లేదు. ఇంత ఏర్పాటు ఉన్న దేశంలోనే టీకాలు మానిన ఊళ్లూ ఉన్నాయి. 2025 మొదటి నెలల్లో మా టెక్సస్‌లో పశ్చిమం వైపు తట్టు పాకి, టీకా వేయించని ఇద్దరు పిల్లలు చనిపోయారు. మా పిల్లల బడి నుంచి ఆ రోజుల్లో ఉత్తరాలు వచ్చేవి.

లెక్కల_మాష్టారు
మన దేశంలో రోజువారీ పిల్లల టీకాలకు అలాంటి పరిహార చట్టం లేదు. ఈ విషయంలో నిజం_చెప్పండి గారి పక్షానే నేనూ ఉన్నాను. కోట్ల మంది కోసం వేసే టీకాలో లక్షల్లో ఒకరికి కష్టం వస్తే, ఆ ఒక్క ఇంటి భారం అందరూ పంచుకోవడం న్యాయం.

భయపడి ఆపేస్తే ఏమవుతుందో జపాన్ చూసింది. 1974-75 చలికాలంలో డీపీటీ తరువాత ఇద్దరు శిశువులు చనిపోయారని అక్కడ దాన్ని నిలిపివేశారు, తరువాత రెండేళ్లు నిండిన పిల్లలకు మాత్రమే మళ్లీ మొదలుపెట్టారు. 1979లో కోరింత దగ్గు 13,000 మందికి పైగా వచ్చి 41 మంది ప్రాణాలు తీసింది. ఇందాక చెప్పుకున్న నొప్పి లేని టీకా పుట్టినది కూడా ఆ అనుభవం నుంచే, 1981లో అక్కడే మొదట వాడారు.

మెతుకుసీమ
అంటే జనం నొప్పి గురించి గోల చేశారు కనుకనే కొత్త టీకా వచ్చింది. మా అమ్మకు ఈ మాట చెప్పను, రేపటి నుంచి అన్నింటికీ గోల చేస్తుంది.

డల్లాస్_గోంగూర
గోల ఫలించిన సందర్భం ఇంకొకటి ఉంది. రోటావైరస్‌కు మొదట వచ్చిన టీకాను ఇక్కడ 1998లో అనుమతించి, పేగు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయే ఇబ్బంది కొందరు శిశువుల్లో బయటపడగానే 1999లో తీసేశారు. ఇప్పటివి వేరే టీకాలు.

వార్డు_రాత్రి
ఆ ఇబ్బంది ఇప్పటి రోటా చుక్కలతో చాలా అరుదు, అయినా లక్షణాలు తెలిసి ఉండడం మంచిది: బిడ్డ ఉండుండి కాళ్లు పొట్టలోకి ముడుచుకుని ఏడవడం, ఆకుపచ్చ వాంతి, మలంలో రక్తం. ఇవి కనిపిస్తే తెల్లవారే వరకు ఆగకూడదు. అన్నట్టు, మన దేశపు తొలి రోటా టీకా హైదరాబాద్‌లో తయారైనదే. 2016లో సర్కారీ పట్టికలో మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

పోలియో చుక్కల మందుకూ ఒక నిజమైన చెడు గుణం ఉంది. బతికున్న, బలహీనపరచిన వైరస్ కనుక ఎంతో అరుదుగా అదే పక్షవాతం తెస్తుంది. అందుకే 2016 ఏప్రిల్ 25న దేశమంతటా చుక్కల మందు నుంచి రెండో రకం వైరస్‌ను తీసేశారు. ఆ వేసవిలోనే హైదరాబాద్ మురుగునీటిలో టీకా నుంచి మారిన రెండో రకం వైరస్ కనిపించడంతో, జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల పిల్లలకు ఐదో వంతు మోతాదు పోలియో సూదులు వేశారు. మీ పాప కుడి భుజానికి వేసింది ఆ సూదే.

తూర్పుగట్టు
జ్వరం మందు సంగతి ఎవరైనా చెప్పండి. టీకాకు వెళ్లే ముందే ఇచ్చేయమని మా పక్కింటి వదిన అంటున్నారు. మొన్న రాత్రి మేము అందాజుగా పోశాము.

చంటిబాబు_నాన్న
అందాజు మాత్రం వద్దు. నేను చేసిన ఘనకార్యం చెబుతాను. పారాసెటమాల్ చుక్కల సీసాలో ఒక మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో 5 మిల్లీలీటర్లు పోస్తే గాని 120 రాదు, కొన్నింటిలో అదే 5 మిల్లీలీటర్లలో 250 ఉంటుంది. డాక్టరు సిరప్ కోసం రాసిన రెండున్నర మిల్లీలీటర్లను నేను చుక్కల సీసా నుంచి కొలిచాను. పిల్లవాడి నోటి దాకా వెళ్లాక మా ఆవిడ సీసా లాక్కుంది. ఆ రోజు నుంచి మందుల అలమర తాళం ఆవిడ దగ్గరే ఉంది.

వార్డు_రాత్రి
ఆవిడకు నా నమస్కారం చెప్పండి. బిడ్డ బరువు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున ఒక మోతాదు. నాలుగు కిలోల పాపకు 40 నుంచి 60 మిల్లీగ్రాములు, అంటే ఆ చుక్కల సీసా నుంచి సుమారు అర మిల్లీలీటరే. మూడు నెలల లోపు పాప కనుక డాక్టరును అడిగే ఇవ్వండి. ముందుగా ఇవ్వవద్దు, జ్వరం వస్తేనే ఇవ్వండి. ముందే ఇస్తే జ్వరం తగ్గినా టీకా స్పందన కూడా కొంత తగ్గిందని 2009లో లాన్సెట్‌లో వచ్చిన ఒక పరిశీలన చెప్పింది. జ్వరం రెండు రోజులు దాటినా, పాలు పూర్తిగా మానినా, బిడ్డ పాలిపోయి వడిలిన తోటకూర కాడలా వాలిపోయినా ఆసుపత్రికి తీసుకురండి.

సీసాయైనా, మాత్రయైనా పేరు చదివి ఇవ్వండి. 2019 మార్చిలో హైదరాబాద్‌లో ఒక ఆరోగ్య కేంద్రంలో పెంటా వేసిన పిల్లలకు పారాసెటమాల్‌కు బదులు ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు మాత్రలు ఇచ్చారు. శిశువులు చనిపోయారు. మొదటి రోజు ఊరంతా టీకా వికటించిందనే అనుకుంది.

నిజం_చెప్పండి
ఆ వార్త నాకు గుర్తుంది. టీకా వికటించిందనే నేను ఇన్నాళ్లూ అనుకుంటున్నాను.

మెతుకుసీమ
తొమ్మిది నెలల టీకా గురించి కూడా ఇక్కడే చెప్పనివ్వండి, తరువాత ఇది చదివేవారికి పనికొస్తుంది. మా చిన్నదానికి తట్టు-రుబెల్లా వేశాక వారం రోజులు ఏమీ లేదు, గండం గడిచిందనుకున్నాము. తొమ్మిదో రోజున జ్వరం, ఒళ్లంతా సన్నని ఎర్ర పొక్కులు, ఆ రాత్రి ఒక నిమిషం పాటు ఫిట్స్ వచ్చాయి. ఆ నిమిషం నా వయసు పదేళ్లు పెరిగింది. ఆసుపత్రిలో రాత్రంతా ఉంచుకుని, పొద్దున పంపేశారు. ఇప్పుడు దానికి ఆరేళ్లు, మళ్లీ ఎప్పుడూ రాలేదు.

పాత_సూది
ఆ టీకాలో బలహీనపరచిన బతికున్న వైరస్ ఉంటుంది. అది ఒంట్లో పెరగడానికి వారం పడుతుంది కనుక జ్వరం వచ్చేది ఏడో రోజు నుంచి పన్నెండో రోజు లోపల. పెంటాకు అదే రాత్రి, దీనికి మరుసటి వారం, క్షయకు వేసే బీసీజీకి నెల తరువాత: ఏది ఎప్పుడు వస్తుందో తెలియకనే ఇళ్లలో ఇంత కంగారు. జ్వరం వల్ల వచ్చే ఫిట్స్ ఆ టీకాకు సుమారు మూడు వేల మందిలో ఒకరికి వస్తాయి, అవి సాధారణంగా మూర్ఛ రోగంగా మారవు. వచ్చినప్పుడు బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టకండి.

చంటిబాబు_నాన్న
బీసీజీ అన్నారు కనుక అడుగుతున్నాను. మా రెండోవాడికి ఇప్పుడు ఎడమ భుజం మీద చిన్న పుండై చీము కారుతోంది. మందు రాయాలా?

పాత_సూది
ఏమీ రాయవద్దు, గిల్లవద్దు, కట్టు కట్టవద్దు. శుభ్రంగా స్నానం చేయించండి, మానిపోయి మచ్చ మిగులుతుంది. మచ్చ పడకపోయినా మళ్లీ వేయించనక్కరలేదు. ఎడమ చంకలో బిళ్ల కట్టి పెద్దదవుతుంటే మాత్రం చూపించండి.

తూర్పుగట్టు
నిన్న రెండున్నర నెలల టీకా వేయించాము. ముందుగా పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లి, వార్డు_రాత్రి గారు చెప్పినట్టు కాగితం చూపించాను. సర్కారీ టీకానే కొనసాగించమన్నారు, జ్వరం చుక్కల మోతాదు బరువు చూసి రాసిచ్చారు. మా అత్తగారు కూడా వస్తానన్నారు. ఏఎన్ఎం గారిని ఆవిడే నిలదీసి, పోయినసారి ఏడుపు సంగతి రిజిస్టరులో రాయించి, అరగంట కూర్చోబెట్టి గాని కదలనివ్వలేదు. సూది వేస్తుండగానే పాలు పట్టాను. సాయంత్రం ఇరవై నిమిషాలు ఏడ్చింది, రాత్రి జ్వరం 100.8 వచ్చి పొద్దుటికి లేదు. పాత గడ్డ శనగగింజంత మిగిలింది. కొత్తది ఇంకా తెలియడం లేదు.

మూడున్నర నెలలకు మళ్లీ మూడు సూదులని అత్తగారికి ముందే చెప్పాను. ఆ బుధవారం అన్నవరం వెళ్లవలసిన ప్రయాణాన్ని ఆవిడ మరుసటి వారానికి మార్చుకున్నారు.

పాత_సూది
ఆ రోజు రెండు తొడలకూ ఉంటాయి, ఎత్తుకునేటప్పుడు చంకల కింద చేతులు వేసి ఎత్తుకోండి. కార్డును ఫోటో తీసి పెట్టుకోండి, వానలకు తడిసినవి నేను చాలా చూశాను.